భద్రాచలం ఎంపీ సీటు ఏమైంది?

విజయవాడ నుంచి మైలవరం మీదుగా వచ్చే రోడ్డు తిరువూరు దాటగానే తెలంగాణలో అడుగుపెడుతుంది. పెనుబల్లి, కల్లూరు, తల్లాడ, కొత్తగూడెం, పాల్వంచ. ఆ తర్వాత గోదావరి వంతెన, వంతెన దాటితే భద్రాద్రి రాముడు. 30వ నంబరు జాతీయ రహదారి అక్కడితో ఆగదు. చింతూరు, కుంట మీదుగా జగదల్‌పూర్ దాకా, ఇంకా పైకి పోతుంది. శ్రీరామనవమి వచ్చిందంటే తిరువూరు జనానికి ఇది కల్యాణం చూసి వచ్చే దారి. మామిడికాయల లారీలకూ, బంధువుల ఊళ్లకు పోయే బస్సులకూ ఇదే దారి.

తిరువూరు ఓటరుకు ఎంపీ సీటంటే విజయవాడే. ఎమ్మెల్యే స్థానం ఎస్సీలకు రిజర్వు అయినది. పార్లమెంటుకు వచ్చేసరికి కొండపల్లి, మైలవరం, బెజవాడ నగరం అన్నీ కలిసిన సీటు. ఇదే రోడ్డు అవతలి కొసన ఇంకో పార్లమెంటు స్థానం ఉండేది. 1967లో తొలిసారి ఓటు వేసి, 2004లో చివరిసారి వేసింది. పేరు భద్రాచలం, గిరిజనులకు రిజర్వు. ఇవాళ భద్రాచలం ఊరుంది, గుడి ఉంది, అసెంబ్లీ స్థానం కూడా ఉంది. పార్లమెంటు స్థానం మాత్రం లేదు. అక్కడి నుంచి ఢిల్లీ వెళ్లిన ఐదుగురి పేర్లు చెప్పమంటే భద్రాచలం వీధుల్లోనే చాలామంది తడుముకుంటారు.

ఆ ఐదుగురిలో ముగ్గురు మహిళలు. మొత్తం పదకొండు ఎన్నికల్లో ఏడుసార్లు ఇక్కడి జనం ఆడవారినే గెలిపించారు. తెలుగు నేల మీద ఇలాంటి లెక్క ఇంకో సీటుకు ఉండడం కష్టం. ఈ స్థానం గురించి రాయడానికి ఈ ఒక్క కారణం చాలు. కానీ కారణాలు ఇంకా ఉన్నాయి.

ముందు ఆ నేల సంగతి. ఖమ్మం జిల్లా అడవుల్లో మొదలై, తూర్పు గోదావరి మన్యం దాటి, విశాఖ మన్యంలో పాడేరు దాకా పరుచుకున్న స్థానమిది. భద్రాచలం నుంచి పాడేరు చేరాలంటే చింతూరు, మోతుగూడెం, సీలేరు, గూడెం కొత్తవీధి, చింతపల్లి మీదుగా రోజంతా కొండదారుల్లో బస్సు ఎక్కి దిగాల్సిందే. గోదావరి ఒడ్డున కోయ గూడేలు, పాపికొండల్లో కొండరెడ్లు, విశాఖ కొండల మీద భగతలు, వాల్మీకులు, కొందులు. కొందరి మాట ఇంకొందరికి తెలియదు, ఒకరి సంత ఇంకొకరికి దూరం. వీళ్లందరినీ కలిపేవి అడవి, పోడు వ్యవసాయం, ఏజెన్సీ అనే పాలనా మాట. ప్రచారానికి వచ్చే అభ్యర్థి ఒక్క విడతలో అన్ని గూడేలూ చూడడం అసాధ్యం. ఓటరుకు అభ్యర్థి ముఖం తెలియకపోయినా గుర్తు తెలిసేది.

జనం పలచగా ఉన్నచోట సీటు విశాలం కాక తప్పదు. న్యూజిలాండ్‌లో మావోరీలకు 1867 నుంచి ప్రత్యేక స్థానాలున్నాయి. వాటిలో టె టై టోంగా అనే ఒక్క స్థానమే ఆ దేశపు దక్షిణ దీవినంతా కప్పేస్తుంది. అక్కడి ఎంపీకి, మన భద్రాచలం ఎంపీకి కష్టం ఒకటే: ఓటరు దగ్గరికి చేరడమే పెద్ద పని.

ఈ నేల మీద పాలన మారినన్ని సార్లు మరెక్కడా మారలేదేమో. 1860లో నిజాం చేతి నుంచి ఇంగ్లీషు వాళ్ల చేతికి వచ్చింది. 1874లో మధ్య పరగణాల నుంచి తీసి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు కలిపారు. 1935 భారత ప్రభుత్వ చట్టం గోదావరి, విశాఖ ఏజెన్సీలను మామూలు చట్టసభల అధికారం పూర్తిగా చెల్లని ప్రాంతాలుగా పక్కనపెట్టింది. అదే మన్యంలో 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయాడు. ఆ పోరాటం 1924 దాకా సాగింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆంధ్ర రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, ఆ తర్వాత 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మార్చడం. ఊరు ఉన్నచోటే ఉంది. కచేరీ మాత్రం మారుతూ పోయింది.

అలాంటి చోట 1967లో మొదటి ఎంపీగా గెలిచినవారు కాంగ్రెస్ తరఫున బి. రాధాబాయి ఆనందరావు. ఆ తర్వాత 1971, 1977, 1980లలో కూడా ఆమే. వరసగా నాలుగుసార్లు. ఆమె గెలుపుల వెనక కాంగ్రెస్ చరిత్రంతా కనిపిస్తుంది. మొదటి గెలుపు కాడెద్దుల గుర్తు మీద. పార్టీ చీలాక 1971, 1977లలో ఆవు దూడ గుర్తు. మళ్లీ చీలిక, 1980లో చెయ్యి గుర్తు. చదువు అందని గూడేల్లో ఓటరు గుర్తు చూసే ముద్ర వేస్తాడని అందరూ అంటారు. పదమూడేళ్లలో మూడు గుర్తులు మారినా ఇక్కడి ఓటరు తన మనిషిని వదల్లేదు.

1971లో తెలంగాణ ప్రజా సమితి గాలి గట్టిగా వీచింది. తెలంగాణలోని 14 స్థానాల్లో పది దానికే పోయాయి. ఆ గాలిలో కూడా రాధాబాయి నిలబడ్డారు. పక్కనే ఖమ్మంలో టి. లక్ష్మీకాంతమ్మ కూడా నిలబడ్డారు. అంటే గోదావరి, మున్నేరు మధ్య నేల అప్పుడు ఇద్దరు మహిళలను ఢిల్లీకి పంపింది. 1977లో ఎమర్జెన్సీ కోపానికి ఉత్తరాదిన కాంగ్రెస్ కొట్టుకుపోయింది, ఇందిరా గాంధీ స్వయంగా రాయ్‌బరేలీలో ఓడిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42కు 41 స్థానాలు కాంగ్రెస్‌వే. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున గెలిచారు. ఆ లోక్‌సభలో దేశం మొత్తం మీద మహిళలు 19 మందే. మొదటి సభ నుంచి నేటిదాకా ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. ఆ 19 మందిలో ఒకరు భద్రాచలం నుంచి వెళ్లిన గిరిజన మహిళ.

ఇది ఎంత పెద్ద సంగతో ఒక్క పోలికతో తెలుస్తుంది. అవే రోజుల్లో విజయవాడ నుంచి డాక్టర్ కె.ఎల్. రావు 1962, 1967, 1971లలో మూడుసార్లు గెలిచారు. నీటిపారుదల మంత్రిగా ఆయన పేరు తెలుగునాట ప్రతి కాలువ గట్టు మీదా వినిపించింది. అందులో తప్పేమీ లేదు, ఆయన అర్హుడే. అదే సభలో పదేళ్లు కలిసి కూర్చుని, ఆయన కంటే ఒకసారి ఎక్కువే గెలిచిన రాధాబాయి మీద ఒక చిన్న పుస్తకం కూడా కంటబడదు. మన రాజకీయ చరిత్ర రాసినవాళ్లు పట్నం దాటి రాలేదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

1984 డిసెంబరులో లెక్క మారింది. ఇందిరా గాంధీ హత్య తర్వాత దేశమంతా సానుభూతి పవనం. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఎన్టీ రామారావు పార్టీ 30 స్థానాలు గెలిచి లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షమైంది. ఆ పార్టీతో పొత్తులో భద్రాచలం సీపీఐ వాటాకు వచ్చింది. కంకి కొడవలి గుర్తు మీద సోడె రామయ్య గెలిచారు. సోడె, సున్నం, కుంజా, పొడెం లాంటి ఇంటిపేర్లు వింటే గోదావరి పక్క జనానికి వెంటనే కోయ గూడెం గుర్తొస్తుంది. రామయ్య ఎంపీగా ఉండగానే 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు చేరింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. ఆ నీటిమట్టాన్ని ఇప్పటికీ ఏ వరదా దాటలేదు. 2022 జూలైలో వచ్చిన వరద కూడా 71 అడుగుల దగ్గరే ఆగింది.

ఎర్రజెండాకు ఇక్కడ వేళ్లున్నాయి. తునికాకు కట్టకు రేటు, పోడు భూమికి పట్టా, అటవీ సిబ్బంది దౌర్జన్యం, షావుకారి అప్పు. వీటి మీద గూడెంలో కూర్చుని మాట్లాడింది కమ్యూనిస్టులే. భద్రాచలం అసెంబ్లీ స్థానంలో ముర్ల ఎర్రయ్యరెడ్డి, కుంజా బొజ్జి, సున్నం రాజయ్య అనే సీపీఎం ఎమ్మెల్యేలు దశాబ్దాల పాటు ఆ జెండాను నిలబెట్టారు. మూడుసార్లు ఎమ్మెల్యే అయిన రాజయ్య హైదరాబాద్‌లో ఆటోలో అసెంబ్లీకి వెళ్లిన మనిషి. 2020 ఆగస్టులో కరోనా ఆయన్ని తీసుకుపోయింది.

కానీ పార్లమెంటు లెక్క వేరు. ఇక్కడ వామపక్షాలు నాలుగుసార్లు గెలిచాయి: 1984, 1996, 1998లలో సీపీఐ తరఫున సోడె రామయ్య, 2004లో సీపీఎం తరఫున డాక్టర్ మిడియం బాబూరావు. మొదటి మూడుసార్లూ తెలుగుదేశం పొత్తు ఉంది, నాలుగోసారి కాంగ్రెస్ పొత్తు. ఏ పొత్తూ లేకుండా ఎర్రజెండా ఒంటరిగా ఈ సీటు గెలవలేదు. కారణం భూగోళంలోనే ఉంది. గోదావరి ఒడ్డున ఉద్యమానికి ఉన్న పట్టు విశాఖ మన్యంలోని కొండలెక్కి వెళ్లేసరికి పలచబడేది. అక్కడ కాంగ్రెస్, తెలుగుదేశం మధ్యే పోటీ. పెద్ద పార్టీ చెయ్యి అందితేనే రెండు కొసలూ కలిసేవి.

మధ్యలో 1989, 1991 ఎన్నికల్లో కాంగ్రెస్ తరఫున కర్రెద్దుల కమలకుమారి గెలిచారు. 1989లో రాష్ట్రంలో కాంగ్రెస్ 42కు 39 తీసుకున్న ఏడాదది. అప్పుడే విజయవాడ నుంచి చెన్నుపాటి విద్య రెండోసారి గెలిచారు. మొదటిసారి ఆమె గెలిచిన 1980లో భద్రాచలంలో రాధాబాయి. అంటే తిరువూరు రోడ్డుకు ఇటు కొసా అటు కొసా రెండుసార్లు ఒకేసారి మహిళలకే ఓటేశాయి. కృష్ణా, ఖమ్మం, పశ్చిమ గోదావరి ప్రాంతమంతా ఈ విషయంలో దేశానికి ముందే ఉంది. 1957లో విజయవాడ నుంచి కొమర్రాజు అచ్చమాంబ, ఏలూరు నుంచి మోతే వేదకుమారి గెలిచారు. 1962లో ఏలూరు నుంచే కమ్యూనిస్టు వి. విమలాదేవి. ఇవాళ మహిళా రిజర్వేషన్ చట్టం గురించి మాట్లాడేవాళ్లు ఈ పేర్లు ఒక్కసారి తలుచుకోవాలి.

1999లో తెలుగుదేశం బీజేపీతో కలిసింది, వామపక్షాలు వేరైపోయాయి. ఎర్ర ఓటు ఒక్కటే గెలుపుకు సరిపోలేదు. తెలుగుదేశం అభ్యర్థి దుంపా మేరీ విజయకుమారి గెలిచారు. సైకిల్ గుర్తుకు ఈ పార్లమెంటు సీటులో అదొక్కటే గెలుపు. మొత్తం లెక్క చూస్తే పదకొండులో కాంగ్రెస్‌కు ఆరు, సీపీఐకి మూడు, తెలుగుదేశానికి ఒకటి, సీపీఎంకు ఒకటి.

ఆ చివరి ఒకటి బరువైనది. 2004లో ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద సీపీఎంకు దక్కిన ఏకైక లోక్‌సభ స్థానం భద్రాచలమే. కేంద్రంలో యూపీఏ ప్రభుత్వం వామపక్షాల మద్దతు మీద నడుస్తున్న రోజులవి. 2006 డిసెంబరులో అటవీ హక్కుల చట్టం పార్లమెంటులో నెగ్గినప్పుడు, పోడు భూముల మీద తరతరాలుగా కేసులు మోసిన జనం ప్రతినిధిగా బాబూరావు ఆ సభలో ఉన్నారు. ఒకవైపు పోలవరం ముంపు భయం, మరోవైపు చింతపల్లి కొండల్లో బాక్సైట్ తవ్వకాల బెంగ. రెండూ ఈ ఒక్క సీటులోనివే.

తిరువూరుకూ ఇందులో పాత్ర ఉంది. అదే 2004లో తిరువూరు నుంచి గెలిచి మంత్రి అయిన కోనేరు రంగారావు అధ్యక్షతన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం భూముల కమిటీ వేసింది. 2006లో ఆ కమిటీ 104 సిఫార్సులతో నివేదిక ఇచ్చింది. అసైన్డ్ భూములతో పాటు ఏజెన్సీలో గిరిజనుల చేతి నుంచి జారిపోయిన భూముల సంగతీ అందులో ఉంది. గిరిజనేతరులు ఏజెన్సీ భూమి కొనకుండా 1959లో చేసిన నిబంధనను 1970లో కట్టుదిట్టం చేశారు. జనం నోట అది 'వన్ ఆఫ్ సెవెంటీ'. చట్టం ఉంది, భూమి పోతూనే ఉంది. ఈ రెండింటి మధ్య ఖాళీని కోనేరు కమిటీ లెక్కకట్టి చూపింది. ఒక దళిత నాయకుడు, ఎస్సీ రిజర్వుడు స్థానం నుంచి వచ్చి, ఎస్టీల భూమి గోడు కాగితం మీద పెట్టడం మన చరిత్రలో ఘనంగా చెప్పుకోవలసిన మాట.

ఇక సీటు పోయిన కథ. 1976లో లోక్‌సభ స్థానాల సంఖ్యను స్తంభింపజేశారు. హద్దులు 1971 జనాభా లెక్కల ప్రకారం ముప్పై ఏళ్లు అలాగే ఉండిపోయాయి. 2002 చట్టం కింద జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షుడిగా పునర్విభజన సంఘం వచ్చింది, 2001 జనాభా లెక్కలు తీసుకుంది. 2008లో ఉత్తర్వులు అమలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలు 42గానే ఉన్నాయి, కానీ ఏడు పేర్లు చెరిగిపోయాయి: భద్రాచలం, పార్వతీపురం, బొబ్బిలి, తెనాలి, మిర్యాలగూడ, హన్మకొండ, సిద్దిపేట. వాటి చోటుకు అరకు, విజయనగరం, మహబూబాబాద్, భువనగిరి, చేవెళ్ల, మల్కాజిగిరి, జహీరాబాద్ వచ్చాయి. పల్లె సీట్లు తగ్గి, హైదరాబాద్ చుట్టూ సీట్లు పెరిగాయి. జనం ఎక్కడికి వలస పోయారో హద్దులు అక్కడికే పోయాయి.

సంఖ్యలో గిరిజనులకు నష్టం జరగలేదు. రెండు ఎస్టీ సీట్లున్న చోట అరకు, మహబూబాబాద్, ఆదిలాబాద్ అని మూడయ్యాయి. కానీ గోదావరి మన్యం నిలువునా చీలిపోయింది. పాడేరు, రంపచోడవరం అరకులోకి పోయాయి. భద్రాచలం, కొత్తగా పుట్టిన పినపాక మహబూబాబాద్‌లోకి పోయాయి. చింతపల్లి, ఎల్లవరం, బూర్గంపాడు అసెంబ్లీ స్థానాల పేర్లే మాయమయ్యాయి. మహబూబాబాద్ నుంచి ఇప్పటిదాకా గెలిచిన బలరాం నాయక్, సీతారాం నాయక్, మాలోత్ కవిత ముగ్గురూ లంబాడా సమాజం నుంచి వచ్చినవారు. వాళ్ల గెలుపు న్యాయమైనదే. అయినా గోదావరి ఒడ్డు కోయలకు తమ గోడు తమ మాటలో చెప్పే ఎంపీ లేకుండా పోయాడన్నదీ నిజమే.

అరకు మాత్రం పాత అలవాటు వదల్లేదు. 2009లో కిశోర్ చంద్రదేవ్ గెలిచాక, 2014లో కొత్తపల్లి గీత, 2019లో గొడ్డేటి మాధవి, 2024లో గుమ్మ తనూజారాణి. వరసగా ముగ్గురు మహిళలు. రాధాబాయితో మొదలైన వరస ఆ కొండల్లో ఇంకా సాగుతోంది.

సీటు చీలిన ఆరేళ్లకే రాష్ట్రం చీలింది. 2014 ఏప్రిల్ 30న తెలంగాణ ఓటర్లుగా ఓటేసిన చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, భద్రాచలం పట్టణం తప్ప ఆ మండలంలోని మిగతా ఊళ్లు, బూర్గంపాడులో కొంత భాగం, పోలవరం ముంపు పేరిట ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. వాళ్లు ఓటేసి గెలిపించిన ఎమ్మెల్యేలు తెలంగాణ సభలో కూర్చున్నారు. రేషన్ కార్డు, పోలీసు స్టేషన్, కలెక్టరు ఆంధ్రలో. సున్నం రాజయ్య సొంతూరు కూడా వరరామచంద్రాపురం మండలంలోదే. తెలంగాణలో ఎమ్మెల్యేగా ఉంటూనే ఆయన ఆంధ్ర గ్రామవాసి అయ్యాడు. రాముడి గుడి తెలంగాణలో, గుడి మాన్యం పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రలో. ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయగూడెం, పిచుకలపాడు పంచాయతీలను తిరిగి ఇమ్మని తెలంగాణ అడుగుతూనే ఉంది.

మళ్లీ హద్దులు గీసే రోజు దగ్గరపడుతోంది. సీట్ల స్తంభన 2026 తర్వాతి తొలి జనగణన దాకానే. జనగణనకు 2027 మార్చి 1 గడువు పెట్టారు. మహిళలకు మూడోవంతు సీట్ల చట్టం అమలు కూడా ఆ తర్వాతి పునర్విభజనతోనే ముడిపడి ఉంది. గతసారి సంఘం ముసాయిదా ప్రకటించి, బహిరంగ సభలు పెట్టి, అభ్యంతరాలు విన్నది. ఈసారీ అలాంటి అవకాశం వస్తుంది. అప్పుడు సభలు హైదరాబాద్, విశాఖ, విజయవాడ నగరాల్లోనే పెట్టి సరిపెడితే చింతూరు నుంచి, వేలేరుపాడు నుంచి, సీలేరు నుంచి ఎవరు రాగలరు? భద్రాచలంలోనూ, చింతూరులోనూ, పాడేరులోనూ సభ పెట్టాలని, కోయ, కువి మాటల్లో చెప్పినదాన్ని కూడా రాసుకోవాలని ఇప్పటి నుంచే అడగాలి. ఆ అడిగేవాళ్లలో తిరువూరు జనం కూడా ఉండాలి. ఈ రోడ్డు మీద ఏటా ఆ రాముడి దగ్గరికి వెళ్లేది వాళ్లే కదా.